పోయొస్త బిడ్డా! (పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ఎండకాలం సెలవులు దగ్గరపడ్డందువల్లనో ఏమో, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా అయినవాళ్ల ఇళ్లకు చేసే ప్రయాణాల గురించే ఉన్నాయి. పిల్లలను తాతల ఊరికి పంపాలనుకునేవారు కొందరు, ఈ వయసులో తామే బిడ్డల ఇళ్లకు బయలుదేరాలనుకునేవారు మరికొందరు. ఐదు ఉత్తరాలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను. పేరు వేయవద్దని ముగ్గురు కోరారు కనుక ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: నాకు 69 ఏళ్లు. కాజీపేటలో పెద్దకొడుకు దగ్గర ఉంటున్నాను. చిన్నబిడ్డ బెల్లంపల్లిలో ఉంటుంది. రెండు నెలలకోసారి పోయి నాలుగు రోజులు ఉండి రావాలని నా ఆశ. షుగరు, బీపీ ఉన్నాయి. మోకాళ్లు నొస్తాయి. "ఒక్కదానివి ఎట్ల పోతవే అవ్వా, ఆదివారం కార్ల దింపుతం" అంటారు కొడుకులు. ఆ ఆదివారం వస్తలేదు. నేను ఒక్కదాన్నే రైల్లో పోవచ్చా? (ఒక పాఠకురాలు, కాజీపేట)

జవాబు: పోవచ్చు అక్కా. మీ కొడుకుల భయం అబద్ధం కాదు గానీ, ఆ భయానికి మందు మిమ్మల్ని ఇంట్లో కూర్చోబెట్టడం కాదు, ప్రయాణాన్ని సరిగ్గా ఏర్పాటు చేయడం. వాళ్లతో వాదానికి దిగకుండా, ఏ రోజు, ఏ రైలు, ఏ పెట్టె, అక్కడ ఎవరు దింపుకుంటారు అన్నవి ఒక కాగితం మీద రాసి చేతికివ్వండి. నోటిమాటకు ఒప్పుకోని కొడుకులు కాగితానికి ఒప్పుకోవడం నేను చాలా ఇళ్లలో చూశాను.

మీరు చెప్పిన దారి నాకు చిన్నప్పటి నుంచీ తెలిసినదే. మా మేనమామ మందమర్రి బొగ్గు బాయిలో పనిచేసేవాడు. బొగ్గు ఇంజన్ల కాలం అది. కిటికీ దగ్గర కూర్చుంటే కంట్లో నలుసు పడకుండా ఇల్లు చేరిన ప్రయాణం నాకు గుర్తులేదు. మా అవ్వ కొంగు అంచును ముద్దగా మడిచి, నోటితో వెచ్చగా ఊది, రెప్ప మీద అద్దేది. నలుసు పోయిందో లేదో గానీ ఏడుపు మాత్రం ఆగేది. రామగుండం దాటాక పెట్టెలో అందరూ ఒక్కసారి లేచి కిటికీల దగ్గరికి వచ్చేవారు. గోదారి వంతెన మీద ఇనుప చప్పుడు మొదలుకాగానే అవ్వ నా చేతిలో ఐదు పైసల బిళ్ల పెట్టి, నేను దాన్ని నీళ్లలో పడేశానా, వంతెన దిమ్మె మీద పడేశానా అని తొంగి చూసేది. నది దాటి మంచిర్యాల వచ్చిందంటే మామ ఇంటికి చేరినట్టే లెక్క.

ఇక మీ సంగతి. సికింద్రాబాదు నుంచి సిర్పూరు కాగజ్‌నగర్ దాకా నడిచే రైళ్లలో పగటి రైలును ఎంచుకుని, కూర్చునే సీటును ముందుగానే రిజర్వు చేయించుకోండి. జనరల్ పెట్టెలో తోపులాట మోకాళ్లకు మంచిది కాదు. దిగే దగ్గరే అసలు జాగ్రత్త కావాలి. మధ్య స్టేషన్లలో రైలు ఒకటి రెండు నిమిషాలకు మించి ఆగదు కనుక, మందమర్రి దాటగానే సంచి భుజాన వేసుకుని తలుపు వైపు జరగండి. రైలు పూర్తిగా ఆగేదాకా మాత్రం కమ్మీని వదలవద్దు. పెట్టె నంబరును బిడ్డకు ఫోన్లో ముందే చెప్పి ఉంచితే ప్లాట్‌ఫారం మీద ఆ పెట్టె ఆగేచోటే నిలబడుతుంది. దారిలో ఏ ఇబ్బంది వచ్చినా 139కి ఫోన్ చేయవచ్చు.

మన ఆడవాళ్లు ప్రయాణమంటే చేసే ఒక తప్పును ఇక్కడే చెప్పాలి. మరుగుదొడ్డికి పోవలసి వస్తుందని పొద్దుటి నుంచే నీళ్లు మానేస్తారు. షుగరు, బీపీ ఉన్నవారు ఎండకాలంలో ఇలా చేస్తే కళ్లు తిరిగి పడిపోవడం, మూత్రంలో మంట పట్టుకోవడం చాలా మామూలు. బస్సు కన్నా రైలే మీకు మేలని చెప్పడానికి మొదటి కారణం పెట్టెలో మరుగుదొడ్డి ఉండటమే. కొద్దికొద్దిగా నీళ్లు తాగుతూ వెళ్లండి. బీపీకి వేసుకునే వాటిలో మూత్రం ఎక్కువగా వచ్చే మాత్ర ఉంటే, ప్రయాణం రోజున దాన్ని ఏ వేళకు మార్చుకోవాలో డాక్టరును అడగండి. మీ అంతట మీరు మానేయవద్దు.

షుగరు మాత్ర వేసుకున్నాక రైలు ఆలస్యమై అన్నం వేళ తప్పితే చెమటలు పట్టి, చేతులు వణికి, గుండె దడదడలాడుతుంది. అది చక్కెర పడిపోతున్న గుర్తు. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకొని తాగి, పావుగంటలో తగ్గకపోతే మరోసారి తాగి, ఆ తర్వాత రెండు రొట్టె ముక్కలైనా తినాలి. అందుకే చక్కెర పొట్లం, మాత్రలు, డాక్టరు చీటీ మూడూ చేతిసంచిలోనే ఉండాలి, పై అరలో పెట్టిన పెద్ద సంచిలో కాదు. గంటకోసారి లేచి పెట్టెలోనే నాలుగడుగులు వేయండి. లేవలేనప్పుడు కూర్చున్నచోటనే మడమలను ఎత్తుతూ దించుతూ ఉంటే కాళ్లలో నెత్తురు గడ్డకట్టే ప్రమాదం తగ్గుతుంది.

బస్సులో ఉచితం కదా అని మీరు అడగలేదు, అయినా చెబుతాను. 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన రాష్ట్రం హద్దు లోపల ఆడవాళ్లకు చార్జీ లేదు. తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ వంటి కార్డు చూపి జీరో టికెట్ తీసుకోవాలి. హన్మకొండ బస్టాండులో తలపై గంప, చేతిలో మనుమడి వేలు పట్టుకుని బిడ్డ ఊరి బస్సు కోసం నిలబడ్డ అవ్వలను చూస్తుంటే, చార్జీ డబ్బుల కోసం కొడుకును అడగాల్సిన పని తప్పడమే వాళ్లను ఇంట్లోంచి కదిలించిందని నాకు అనిపిస్తుంది. అయితే రద్దీలో గంటల తరబడి నిలబడే శక్తి మోకాళ్ల నొప్పులున్న మీకు లేదు. దగ్గరి ఊళ్లకు బస్సు, బెల్లంపల్లికి రైలు అని పెట్టుకోండి.

ప్రశ్న: మాది హన్మకొండ. అమ్మ, బాపు పరకాల దగ్గర పల్లెలో ఉంటారు. నాకు తొమ్మిదేళ్ల కొడుకు, పన్నెండేళ్ల బిడ్డ. నేను మా అమ్మమ్మ ఊళ్లో రెండు నెలలు ఉండేవాణ్ని. మా పిల్లలు రెండో రోజుకే "బోర్ కొడుతుంది, పోదాం" అంటారు. కారులో కొడుకు వాంతులు చేసుకుంటాడు. బలవంతంగా తీసుకుపోవడం మంచిదేనా? (ఒక పాఠకుడు, హన్మకొండ)

జవాబు: తమ్ముడూ, లోపం పిల్లల్లో లేదు, మీరు వేసిన లెక్కలో ఉంది. రెండు రోజులకు పోతే వాళ్లకు దక్కేవి విసుగొచ్చే ఆ మొదటి రెండు రోజులే. మీరు అమ్మమ్మ ఊరికి పోయినప్పుడూ మొదటి రోజు గడప దగ్గర నిలబడి బిక్కమొహం వేసుకునే ఉంటారు, కాకపోతే అది గుర్తులేదు. మూడో రోజుకు పక్కింటి పిల్లలు పేరు పెట్టి పిలిచారు, నాలుగో రోజుకు చిర్రగోనె ఆటలో మీకూ ఒక జట్టు దొరికింది, వారం తిరిగేసరికి ఏ చెట్టు మామిడి పులుపో, ఏ చెట్టుది తీపో తెలిసింది. ఆ మూడో రోజు దాకా మీ పిల్లలు ఆ ఊళ్లో ఉన్నదే లేదు.

ఇంకొక తేడా ఉంది. మిమ్మల్ని దింపి మీ అమ్మ, బాపు వెనక్కి వెళ్లిపోయారు. మీరేమో పిల్లలతో పాటే ఉండి, అన్నం తిన్నారా, ఫోను పక్కన పెట్టారా అని వెంటపడుతున్నారు. అమ్మానాన్నలు ఉన్నంతసేపు పిల్లలు అడిగేది వాళ్లనే కానీ తాతను కాదు. ఈసారి వారం రోజులకు దింపి మీరు వచ్చేయండి. మొదటి రాత్రి ఫోను వస్తుంది, ఏడుస్తారు కూడా. మరునాడు పొద్దున వస్తానని మాట ఇవ్వకుండా, రోజూ సాయంత్రం ఒక వేళకు మాట్లాడతానని చెప్పండి.

పంపే ముందు మీ అమ్మతో, బాపుతో కూర్చుని మాట్లాడుకోవలసిన సంగతి ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. వ్యవసాయ బావులు, చెరువులు, కుంటలు. ఏటా సెలవుల్లో ఈతకని దిగి పిల్లలు చనిపోయిన వార్త చదవని ఎండకాలం మనకు లేదు. ఈత రాని పట్నం పిల్లలు ఊరి పిల్లలను చూసి దిగుతారు. అరవై డెబ్బై ఏళ్ల తాత వెనకాల పరుగెత్తలేడు. కనుక ఈత వచ్చిన పెద్దమనిషి పక్కన లేకుండా నీటి దగ్గరికి పోకూడదన్న మాట పిల్లల చేతనే చెప్పించండి. వాళ్లు మిట్టమధ్యాహ్నం ఎండలో తిరగకుండా, చీకటి పడ్డాక లైటు లేకుండా కల్లం వైపు పోకుండా చూసుకొమ్మని మీ బాపుకు చెప్పండి.

వాంతుల గురించి. రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల మధ్య పిల్లల్లో ఇది ఎక్కువ. ఒళ్లు కదులుతోందని చెవిలోని తూకపు భాగం చెబుతుంటే, చేతిలోని ఫోను మీద నిలిచిన కళ్లు కదలడం లేదని చెబుతాయి. ఆ గొడవే కడుపులో తిప్పుతుంది. కారులో ఫోను, పుస్తకం ఇవ్వకుండా కిటికీలోంచి దూరంగా చూడమనండి. బయలుదేరే ముందు నూనె వస్తువులు వద్దు, ఖాళీ కడుపూ వద్దు. అసలు కారు ఎందుకు? పరకాల దాకా బస్సులో తీసుకుపోండి. కండక్టరు దగ్గర టికెట్ వాడే అడిగి తీసుకోనీయండి. అయిదు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఆర్టీసీలో సగం చార్జీ, మీ బిడ్డకు ఎక్స్‌ప్రెస్‌లోనూ జీరో టికెట్టే.

బోర్ కొట్టకుండా ఏం చేయించాలని మీరు అడుగుతారు. ఏమీ చేయించవద్దు. తాటిముంజలను బొటనవేలితో తీసి తినడం, నానమ్మ పెరుగు చిలికే వేళ వెన్న కోసం చెయ్యి చాపడం, గడపలో కూర్చుని పచ్చీసు ఆడడం వంటివి ఎవరూ ఏర్పాటు చేసేవి కావు. ఒక్క పని మాత్రం అప్పగించవచ్చు. పెద్దబాపు, చిన్నబాపు, మేనత్త, చిన్నమ్మ అని ఎవరిని ఏమని పిలవాలో తాతను అడిగి ఒక నోటుబుక్కులో రాసుకుని రమ్మనండి. మా మనుమరాలు అలా రాస్తుండగా, నా చిన్నతనంలోనే చనిపోయిన మా చిన్నమ్మ పేరు నా నోట మొదటిసారి విన్నామని ఇంట్లో అందరూ నిశ్శబ్దమయ్యారు.

ప్రశ్న: రైలు చార్జీలో ముసలివాళ్లకు రాయితీ మళ్లీ ఇస్తున్నారని మా ఊళ్లో అంటున్నారు. నిజమేనా? (ఒక పాఠకుడు, పెద్దపల్లి)

జవాబు: అరవై దాటిన మగవారికి 40 శాతం, యాభై ఎనిమిది దాటిన ఆడవారికి 50 శాతం ఉండిన ఆ రాయితీని 2020 మార్చి 20 నుంచి ఆపేశారు. తిరిగి ఇస్తున్నట్టు రైల్వే స్వయంగా ప్రకటిస్తే తప్ప ఊరి మాట నమ్మి డబ్బులు తక్కువ పట్టుకుపోవద్దు. మిగిలి ఉన్న సౌకర్యం కింది బెర్తులది. ఒక్కో స్లీపర్ పెట్టెలో ఆరేడు కింది బెర్తులను అరవై దాటిన మగవారికి, నలభై అయిదు దాటిన ఆడవారికి వేరుగా ఉంచుతారు. వారు ఒంటరిగానో, ఇద్దరే కలిసి ఒకే టికెట్ మీదో వెళ్లాలి. మనుమడు తోడుగా ఉంటాడు కదా అని అతని పేరు కూడా అదే టికెట్‌లో రాయిస్తే ఆ కోటా వర్తించదు. చాలామంది ఇక్కడే పొరపడి, పై బెర్తు వచ్చిందని టీసీ మీద కోపానికి వస్తారు. రిజర్వేషను ఇప్పుడు అరవై రోజుల ముందే మొదలవుతుంది, పూర్వంలా నూట ఇరవై రోజులు కాదు. మనుమడికి అయిదేళ్లు దాటి పన్నెండు నిండకపోతే, వాడికి బెర్తు కావాలంటే పూర్తి చార్జీ కట్టాలి. ఈ నియమం 2016 ఏప్రిల్ 21 నుంచి ఉంది. బెర్తు వద్దనుకుంటే సగం చార్జీ సరిపోతుంది.

ప్రశ్న: నేను సింగరేణిలో పనిచేసి దిగిపోయాను. వయసు 72. భార్య చనిపోయి మూడేళ్లయింది. పెద్దకొడుకు బెంగళూరులో, చిన్నకొడుకు హైదరాబాదులో. వంతుల ప్రకారం మూడు నెలలు అక్కడ, మూడు నెలలు ఇక్కడ ఉంచుకుంటున్నారు. ఎవరూ ఒక్క మాట అనరు. కానీ సామాను లెక్క చేతులు మారుతున్నట్టు ఉంది. గోదావరిఖనిలో నా ఇల్లు తాళం వేసి ఉంది. ఏం చేయాలి? (ఒక పాఠకుడు)

జవాబు: అన్నా, మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. కొడుకుల మీద కోపం తెచ్చుకునే ఉత్తరం కాదది, అందుకే దానికి జవాబు రాయడం కష్టం. చుట్టపుచూపుగా పోయేవాడికి తిరిగి వచ్చే ఇల్లు ఉంటుంది. ఎప్పుడు బయలుదేరాలో అతను నిర్ణయించుకుంటాడు. మీ విషయంలో ఆ రెండూ పోయాయి. నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. తాళం తీయండి. ఏడాదిలో కనీసం నాలుగైదు నెలలు గోదావరిఖనిలో ఉండి, మిగతా కాలాన్ని కొడుకులకు మీరే పంచండి. మీ వేడుకలు, మనుమల సెలవులు చూసుకుని, తేదీలు మీరే చెప్పి, పోను రాను టికెట్లు రెండూ మీ పింఛను డబ్బుతో కొనుక్కోండి. తిరుగు టికెట్ జేబులో ఉంటే బెంగళూరు ఇల్లు కూడా వేరుగా కనిపిస్తుంది.

ఒంటరిగా ఉంటే కొడుకులు భయపడతారు, అది సహజం. రోజూ పొద్దున ఒక ఫోను, పక్కింటివారి దగ్గర ఒక తాళంచెవి, వంటకు ఒక మనిషి అని ముందే కుదిర్చి వాళ్లకు చూపించండి. ఎండలు ముదిరి రామగుండం నలభై అయిదు డిగ్రీలు దాటే రోజుల్లో మాత్రం మొండికి పోకుండా బెంగళూరులో ఉండండి. ఏటా నవంబరులో ఇవ్వాల్సిన బతికి ఉన్న పత్రం కోసం ఊరికి పరుగెత్తే పని కూడా ఇప్పుడు తప్పవచ్చు. 2014లో మొదలైన జీవన్ ప్రమాణ్ ద్వారా ఫోనులో ముఖం చూపి పత్రం ఇచ్చే వీలుంది. మీ పింఛను ఇచ్చే కార్యాలయంలో ఒకసారి అడిగి, మనుమడి చేత చేయించుకోండి.

బెంగళూరులో ఉన్నన్నాళ్లు ఆ ఇంట్లో మీకంటూ ఒక పని పెట్టుకోండి. పాలు తేవడమైనా సరే, మనుమరాలిని బడి బస్సు ఎక్కించడమైనా సరే. కోడలు "మీకెందుకు మామయ్యా శ్రమ" అంటుంది. మర్యాదకు అనే మాట అది, మీరు వినవద్దు. బాయిలో ముప్పై ఏళ్లు షిఫ్టు గంట కొట్టగానే లేచిన మనిషికి సోఫాలో కూర్చోవడమే పెద్ద శ్రమ.

ప్రశ్న: మాది జనగామ, తల్లిగారిల్లు నర్సంపేట వైపు పల్లె. అవ్వ పోయిన యేడు చనిపోయింది, బాపు అంతకు ముందే లేడు. ఏటా సద్దుల బతుకమ్మకు అక్కడికే పోయేదాన్ని. నాకిప్పుడు 58 ఏళ్లు. తమ్ముడు, మరదలు రమ్మనలేదు, వద్దని కూడా అనలేదు. పిలవకుండా పోవచ్చా? (ఒక పాఠకురాలు, జనగామ)

జవాబు: అవ్వ ఉన్నన్నాళ్లు మిమ్మల్ని ఎవరూ పిలవలేదు అక్కా, పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మ పడగానే మీరు సంచి సర్దుకున్నారు. మీ తమ్ముడు పిలవడం ఎన్నడూ చేయలేదు కనుక, పిలవాలన్న సంగతే అతనికి తట్టకపోయి ఉండవచ్చు. మిగతా చుట్టాలకు పిలుపు పంపే పని ఆ ఇంట్లో ఎప్పుడూ మీ అవ్వది. ఇప్పుడు అది ఎవరి పనో ఆ ఇంట్లో ఇంకా తేలలేదు, అంతే.

మన దగ్గర ఆడబిడ్డకు ఒడిబియ్యం పోసేటప్పుడు, తల్లిదండ్రులు లేకపోతే తమ్ముడూ మరదలూ పోస్తారు. పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, రవిక బట్ట ఒళ్లో పడుతుంటే అవ్వ లేదని ఏడుపు వస్తుంది. ఆ బియ్యాన్ని తెచ్చి వండి, అత్తగారింట పదిమందికీ పెడతారు. తల్లి పోయాక ఆ ఇంటి మీద ఆడబిడ్డ హక్కు పోతుందని మన ఆచారంలో ఎక్కడా లేదు. అయితే మీ మరదలికి ఇది మొదటి ఏడు, అత్త లేకుండా ఆమె ఒక్కతే తొమ్మిది రోజులు నడపాల్సిన పండుగ. మీరు చుట్టంలా దిగితే ఆమెకు బరువు, పనిమనిషిలా దిగితే ఆమెకు అవమానం.

కాబట్టి తమ్ముడికి కాదు, మరదలికి ఫోన్ చేయండి. వారం ముందే చేయండి. రావచ్చా అని అడగవద్దు, అలా అడిగితే ఆమె ఇరుకున పడుతుంది. "గునుగు, తంగేడు అక్కడ దొరుకుతుందా, ఇక్కడి నుంచి తేవాల్నా" అని అడగండి. సద్దుల్లో నువ్వుల పొడి మీ అవ్వ ఎలా దంచేదో మీకు తెలుసు, ఆమెకు తెలియకపోవచ్చు. వేయించిన నువ్వులు ఒక డబ్బాలో పోసుకుని, దంచకుండా అలాగే తీసుకుపోండి. బతుకమ్మకు ముందు రోజు నర్సంపేట బస్సుల్లో నిలబడే చోటు కూడా దొరకదు, అంతకు ఒక రోజు ముందే బయలుదేరండి.